అరకు ఘాట్ ఎక్కే ముందు

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జమ్మకు, అల్లుడు గారికి, మావయ్య ఆశీస్సులు.

సోమ, మంగళవారాలు ఇద్దరూ సెలవు పెట్టి కొత్త బండిలో అరకు వెళ్తున్నారని అక్క చెప్పింది. చాలా సంతోషం. శని, ఆదివారాలు వదిలేసి మంచి పని చేశారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వారాంతంలో ఆ ఘాట్ మీద బండి వెనకే బండి. టూరిస్టు కార్లు నడుపుతూ నా వయసంతా ఆ కొండల్లోనే గడిచింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని కూర్చుని రాస్తున్నాను.

అమ్మలూ, ముందు మీ ప్లాను సంగతి. బొర్రా గుహలు, కటికి జలపాతం, అరకు, చాపరాయి, వంజంగి, లంబసింగి, అన్నీ రెండు రోజుల్లో అని రాసుకున్నారట. చివరి రెండూ కొట్టేయండి. వంజంగిలో మేఘాలు కాళ్ల కింద పరుచుకోవడం చూడాలంటే ముందు రాత్రి పాడేరులో పడుకుని, తెల్లారకముందే కొండెక్కాలి. లంబసింగి చింతపల్లి వైపు, ఇంకా లోపలికి. ఆ రెండింటికీ చలి బాగా ముదిరాక వేరే వెళ్లొచ్చు. ఇప్పుడే ఇరికించారంటే ఏదో ఒక ఘాట్ చీకట్లో దిగాల్సి వస్తుంది. అది మాత్రం వద్దు. సాయంత్రం అయిదు దాటాక మీ బండి ఘాట్ మీద ఉండకూడదు. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ఇంకో మాట చాలామందికి తట్టదు. బండి నడిపేవాళ్లకి కొండ కనబడదు, రోడ్డే కనబడుతుంది. పక్క సీట్లో వాళ్లు "అటు చూడు, ఎంత బాగుందో" అంటూనే ఉంటారు, స్టీరింగ్ పట్టుకున్న మనిషి వంపు మీంచి చూపు తిప్పలేడు. రోజంతా అలా గడిస్తే సాయంత్రానికి ఒకరు లోయంతా చూసొచ్చి ఉంటారు, ఇంకొకరు మలుపులు లెక్కపెట్టుకుని వచ్చి ఉంటారు. ఇంటికి వెళ్లాక ఇద్దరూ కలిసి చెప్పుకోవడానికి ఏముంటుంది? కొత్త జంటలు నా బండెక్కినప్పుడు చూసేవాణ్ని, ఇద్దరూ కిటికీల్లోంచి చూస్తూ ఎంత ఆనందంగా ఉండేవారో. మీకు డ్రైవర్ లేడు కాబట్టి గంటకోసారైనా ఆపండి. వంపులో కాదు, రోడ్డు తిన్నగా, వెడల్పుగా ఉన్న చోట, బండి పూర్తిగా పక్కకి తీసి. ఇద్దరూ దిగి, ఒకేసారి చూడండి. డముకు వ్యూ పాయింట్ దగ్గర, గాలికొండ దగ్గర తప్పకుండా ఆపండి. నీకూ లైసెన్స్ ఉంది కదా, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా నువ్వు నడుపు. ఘాట్‌లో అల్లుడు గారు తీసుకుంటారు, అప్పటికి ఆయన అలిసిపోయి ఉండరు.

పొద్దున్న ఆరుకల్లా బయల్దేరండి. అరకు 115 కిలోమీటర్లే, కానీ మైదానం లెక్క ఘాట్‌కి పనికిరాదు. శృంగవరపుకోటలో టిఫిన్ చేసి, ట్యాంక్ నింపుకోండి. అక్కణ్నుంచి బొడ్డవర దాటగానే ఎత్తు మొదలవుతుంది. నీకు చిన్నప్పటి నుంచీ ఘాట్‌లో కడుపులో తిప్పుతుంది కదా, ఇడ్లీతో ఆపు. పూరీ జోలికి పోకు. ఎండు ఉసిరికాయ ముక్కలు దగ్గర పెట్టుకో. ఫోన్ చూడకు, దూరంగా రోడ్డునే చూడు.

అల్లుడు గారికి. ఎక్కే బండికి ముందు దారివ్వాలి. మీరు దిగేటప్పుడు ఎదురుగా బస్సు కనబడితే, వెడల్పున్న చోట ఆగి దాన్ని పోనివ్వండి. కనబడని ప్రతి వంపు దగ్గరా హారన్ కొట్టండి, ఎదుటి హారన్ వినబడేలా పాటల శబ్దం తగ్గించుకోండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు, మీరు ఆ పని ఎప్పుడూ చేయకండి. అప్పుడు బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే ముందు కాలిన రబ్బరులాంటి ఘాటు వాసన ఒకటి వస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా పట్టు దొరకదు. ఆ వాసన తగిలిందంటే బండి పక్కకి తీసి, అరగంట ఆగండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి. మంచు కమ్మితే హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉంచండి, బ్రైట్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది.

మొదటి రోజు బొర్రా గుహలకి, తెరిచే వేళకి, పదింటికల్లా చేరండి. జనం పలచగా ఉన్నప్పుడే ఆ గుహ చూడాలి. లోపల రంగు లైట్లు వేశారు. అందరూ ఆ వెలుగులో ఫొటోలు దిగి వచ్చేస్తారు. మీరు ఒక్క చోట నిలబడి, పైకప్పు నుంచి వేలాడే రాతి కొస ఒకటి చూసుకోండి. దాని చివర నీటి బొట్టు ఊరుతుంది, నిండుతుంది, ఎంతకీ పడదు, ఆఖరికి పడుతుంది. వాన నీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త పులుపెక్కి, సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ దిగుతుంది. కిందికొచ్చాక ఆ సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. పైనుంచి దిగేవీ, కింద నుంచి లేచేవీ, ఆ రాతి స్తంభాలన్నీ బొట్టు బొట్టుగా కట్టినవే. శివలింగం అని అక్కడివాళ్లు పూజ చేసుకునేది కూడా అలా ఏర్పడిందే. చేత్తో ముట్టుకోవద్దు, మన చర్మం జిడ్డు అంటితే ఆ రాయి నల్లబడుతుంది, పెరగడం కూడా ఆగిపోతుంది. మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న చెప్పులు వేసుకో.

ఆ గుహను తొలిచింది గోస్తనీ నది. అదే నది కిందికి దిగి తాటిపూడి రిజర్వాయర్‌లో చేరుతుంది, మన విశాఖకు తాగునీళ్లు ఇస్తుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహల దగ్గర జనం పారేసే ప్లాస్టిక్ సీసాలు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. మీ చెత్త మీ బండిలోనే వెనక్కి రావాలి. కోతులకి ఏమీ పెట్టకండి, తినేది చేతిలో కనబడకుండా చూసుకోండి.

కటికి జలపాతానికి మీ కారు దింపవద్దు. బొర్రా దగ్గరే జీపులుంటాయి, రానూపోనూ రేటు ముందే మాట్లాడుకుని ఎక్కండి. ఆ రాళ్ల దారిలో వాళ్లకి అలవాటు. జీపు ఆగాక కొంత నడవాలి. అక్కడ బొంగులో చికెన్ కాలుస్తారు, మీ కళ్ల ముందే వెదురు బొంగులో కూరించి, ఆకుతో మూసి, నిప్పుల మీద పెట్టినదైతే తీసుకోండి. నీళ్ల దగ్గర మాత్రం భద్రం. కటికి అయినా, మర్నాడు చూసే చాపరాయి అయినా, ప్రాణాలు తీసేది లోతు ఒక్కటే కాదు, నాచు కూడా. చాపరాయిలో నీరు పెద్ద బండ మీద పలచగా జారుతూ చూడ్డానికి చంటిపిల్లల ఆటలా ఉంటుంది, కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పైన వాన పడితే మన నెత్తిన ఎండే ఉన్నా నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టు మీదికి వచ్చేయండి. ఫొటో కోసం ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

సాయంత్రం అరకు వెళ్లే దారిలో సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలున్నాయి. కాఫీకి ఎండ నేరుగా తగలకూడదని పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇప్పుడు పళ్లు ఎర్రబడే రోజులు, కోస్తున్నవాళ్లు కనబడితే పలకరించు, అడగకుండా ఫొటో తీయకు. అది వాళ్ల పొలం. లోయలో వలిసె అనే నూనెగింజల చేలు పసుపుపచ్చగా పూసి ఉంటే అక్కడా అంతే, చేలోకి దిగి పూలు తొక్కవద్దు. గది ముందే బుక్ చేసుకోండి, స్వెట్టర్లు, దోమల క్రీము మర్చిపోకండి. ఆ ఏజెన్సీలో మలేరియా ఉంది.

రెండో రోజు వచ్చిన దారినే రాకండి. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి చూసుకుని, హుకుంపేట మీదుగా పాడేరు వెళ్లి మోదకొండమ్మ తల్లికి దండం పెట్టుకుని, రెండు గంటలకల్లా అక్కడి ఘాట్ దిగడం మొదలుపెట్టండి. కింద మాడుగులలో హల్వా కొనండి. గోధుమలు నానబెట్టి పాలు తీసి, నెయ్యి పోస్తూ కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ కలియబెట్టి చేస్తారు. అక్కడి నుంచి చోడవరం, సబ్బవరం మీదుగా ఇల్లు చేరడం తేలిక.

దారిలో మాట మాట వస్తే ఆ సమయంలో బండి నడపకండి, ఆపి ఏదైనా తినండి. ఘాట్‌లో వచ్చే సగం గొడవలు ఆకలివే. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అందుకని మ్యాప్ ముందే ఫోన్లో దించుకోండి. శృంగవరపుకోటలో ఒకసారి, అరకు చేరాక ఒకసారి అక్కకి ఫోన్ చేయండి. మధ్యలో ఫోన్ రాలేదని తను టెన్షన్ పడకుండా నేను చూసుకుంటాను.

ఆదివారం సాయంత్రం బండి మన ఇంటికి తీసుకురండి. టైర్లు, బ్రేకులు, వైపర్లు నేను చూస్తాను. స్టెప్నీలో గాలుందో లేదో, జాకీ, పానా ఉన్నాయో లేదో చూసి, చక్రం మార్చడం ఇద్దరికీ నేర్పిస్తాను. అత్త పులిహోర కట్టి ఇస్తానంటోంది, మూత గట్టిగా పట్టే డబ్బా తెచ్చుకో.

మీ మావయ్య