ఫ్రీ త్రో దగ్గర మొదలుపెట్టు

సందేహం: ఒంగోలు నుంచి చెన్నై వచ్చి నెలన్నర అయింది. ఆఫీసు ఓఎంఆర్ రోడ్డు మీద. లంచ్‌కి కూర్చుంటే మా టీమ్ అంతా ఎన్‌బీఏ, అదే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, కబుర్లే. నాకు తమిళమూ రాదు, బాస్కెట్‌బాలూ తెలీదు. ఏం చేయాలి?

సమాధానం: తమ్ముడూ, నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ 18 ఏళ్లు. ఈ ఊళ్లో ఆ ఆట నిన్నటిది కాదు, నందనం వైఎంసీఏ వ్యాయామ కళాశాల 1920 నాటిది. రూల్స్ తర్వాత చూసుకుందువు గానీ, ముందు ఆటగాళ్ల అలవాట్లు పట్టుకో. అందరూ ఆగి ఒక్కడినే చూసేది ఫ్రీ త్రో అప్పుడు, అంటే ఫౌల్ జరిగాక గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డురాకుండా రింగులోకి బంతి వేసేటప్పుడు. మనిషి బయటపడేది అక్కడే.

జెఫ్ హోర్నసెక్ బంతి వేసేముందు చెంప నిమురుకునేవాడు. ఇంట్లో టీవీ ముందున్న పిల్లలకి అది నాన్న హలో. జేసన్ టెర్రీ అయితే మ్యాచ్ ముందురోజు రాత్రి ప్రత్యర్థి జట్టు నిక్కరు వేసుకుని పడుకునేవాడు!

రిక్ బ్యారీ రెండు చేతులతో, బిందె ఎత్తినట్టు కిందనుంచి విసిరేవాడు. వందకి దాదాపు 90 పడేవి. విల్ట్ చాంబర్లేన్ అనే ఇంకో ఆటగాడు 1962లో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన రోజు అలాగే విసిరి 32లో 28 వేశాడు. తర్వాత చూడ్డానికి బాగోదని మానేశాడు. నాకు ఇప్పటికీ బాధే. మొన్న మా వీధి స్కూలు కోర్టులో ఒక పిల్లాడు అలా విసిరితే తోటివాళ్లు పడీపడీ నవ్వారు. బంతి రింగు తాకకుండా వలలోకి జారింది. నవ్వు ఆగిపోయింది.

ఈ కాలపు ఆటగాడు యాన్నిస్ అంటెటోకౌంపో సంగతి వేరు. గీత దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటూ, బంతి కొడుతూనే ఉంటాడు. ఉన్న గడువు 10 సెకన్లే కాబట్టి ఎదుటి జట్టు అభిమానులు గొంతెత్తి లెక్కపెడతారు. 2021 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో అతనే 19కి 17 వేసి, 50 పాయింట్లతో కప్పు పట్టుకెళ్లాడు.

మనకి మ్యాచ్‌లు తెల్లవారాక వస్తాయి. టీమ్‌వాళ్లు ఎవరి రూమ్‌లోనైనా చూస్తామంటే మొహమాటపడకుండా వెళ్లు, ఇడ్లీ పొట్లాలు నువ్వు పట్టుకెళ్లు. యాన్నిస్ గీత దగ్గరికి రాగానే వాళ్లతో కలిసి తమిళంలో లెక్కపెట్టు: ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు... రెండు మనదే. మిగతావి అతను బంతి వదిలేలోపు వచ్చేస్తాయి.