పాడి పశువులు, పాఠకుల ప్రశ్నలు: గాలికుంటు

ప్రశ్న: మా గేదె రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. తీగలు తీగలుగా చొంగ కారుస్తోంది, కుంటుతోంది. పాలు తాగే దూడ ఉంది. ఏం చేయాలి?

జవాబు: నాలుక, చిగుళ్లు చూడండి. బొబ్బలు చితికి పైపొర ఊడి ఎర్రగా ఉంటే, గిట్టల సందుల్లోనూ పుండ్లుంటే గాలికుంటు అనే అనుకుని పశువైద్యుడికి వెంటనే కబురు పెట్టండి. ఈలోగా మొదట కాపాడుకోవాల్సింది దూడను. పెద్ద పశువులు ఈ వ్యాధితో చనిపోవడం అరుదు. లేత దూడల్లో మాత్రం వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. నోట్లో ఒక్క పుండూ లేకుండానే దూడ ఉన్నట్టుండి కూలిపోవచ్చు. బొబ్బలు కనపడక ముందే పాలలో వైరస్ ఉంటుంది కాబట్టి తల్లి దగ్గరికి వదలకండి. బాగా మరిగించి చల్లార్చిన పాలే పట్టండి.

లీటరు నీటిలో గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి రోజుకు రెండు మూడు సార్లు నోరు, గిట్టలు కడగండి. నోటి పుండ్లకు బోరిక్ పొడి కలిపిన గ్లిజరిన్ రాయాలి. గిట్టలు పొడిగా తుడిచాక యాంటీసెప్టిక్ మలాం, పైన ఈగలు వాలకుండా వేపనూనె. ఉప్పు పెట్టి నాలుక రుద్దడం మాత్రం వద్దు. ఆ మంటకు తాగే కాస్త గంజి కూడా మానేస్తుంది. జావ, లేత పచ్చిగడ్డి పెట్టండి. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పుండ్లు చీము పట్టకుండా డాక్టరు ఇస్తే సరే.

కొట్టంలో పేడంతా ఎత్తేశాక 10 లీటర్ల నీటికి 400 గ్రాముల బట్టల సోడా కలిపి కడగండి (వంట సోడా కాదు). పీహెచ్ (పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 6 కన్నా తగ్గినా, 9 దాటినా ఈ వైరస్ నిలవదు. ఆ లెక్కన వెనిగర్ లాంటి పులుపూ పనిచేస్తుంది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి విరిచేసుకుని శ్రమ వృథా. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఈ గేదెను అన్నిటికన్నా ఆఖరున పితకండి.

ప్రశ్న: టీకా వేయించినా ఎందుకొచ్చింది?

జవాబు: ఈ వైరస్‌లో ఓ, ఏ, సీ, ఆసియా-1, శాట్-1, 2, 3 అని ఏడు రకాలు. ఒకదానికి వేసిన టీకా మరోదాన్ని ఆపదు. రక్షణ కూడా కొద్ది నెలలే, అందుకే ఆరు నెలలకోసారి వేయించాలి. దూడకు నాలుగో నెలలో మొదటిది, నెల తర్వాత బూస్టర్. బూస్టర్ ఎగ్గొట్టడమే ఎక్కువగా జరిగే పొరపాటు. టీకా 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉండాలి. గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. అప్పటికే వైరస్ సోకిన పశువును టీకా కాపాడలేదు, లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది.

ప్రశ్న: వేరే రాష్ట్రం నుంచి ఆవును కొంటున్నాం. కాగితాల్లో జబ్బు పేరు మరోలా ఉంది.

జవాబు: హిందీలో ఖుర్‌పకా-ముహ్‌పకా, కన్నడంలో కాలుబాయి, తమిళంలో కోమారి, మరాఠీలో లాళ్యా ఖుర్కూత్. అన్నీ గాలికుంటే. కాగితంలో ఎఫ్ఎండీ (ఇంగ్లీషులో ఫుట్ అండ్ మౌత్ డిసీజ్) అన్న అక్షరాలు, టీకా తేదీ చూసుకోండి. గొంతువాపు టీకా వేరు, దాన్ని దీని కింద లెక్కేయకండి. కోలుకున్న ఆవు గొంతులో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి మూడేళ్ల దాకా దాగి ఉండొచ్చు. కాబట్టి ఏ పశువునైనా తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేయండి, తొట్టి కూడా వేరే పెట్టండి.

ప్రశ్న: పిల్లల హ్యాండ్ ఫుట్ మౌత్ ఇదేనా?

జవాబు: కాదు. దాని వైరస్ వేరు, పశువుల నుంచి రాదు.