బోటు ధర తేల్చాల్సింది లోపలి చెక్క

ప్రశ్న: మాది ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. రోజుకు 200 కిరాయి కట్టి వేరేవాళ్ల పడవ మీద వేటకు పోతున్నాను. 14 ఏళ్ల పాత ఫైబర్ బోటు మోటారుతో కలిపి 1,30,000కు వస్తోంది. అడుగున ఒకచోట కాలు పెడితే మెత్తగా దిగుతోంది. 25,000తో బాగుచేస్తానని ఒక మేస్త్రి, మొత్తం విప్పితే 60,000 దాకా పోతుందని ఇంకో మేస్త్రి అంటున్నారు. బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. మిగతాది నా భార్య బంగారం కుదువపెట్టి తేనా?

జవాబు: ముందు బయానా ఇవ్వకండి. ఇచ్చాక బేరం మీ చేతిలో ఉండదు.

ఫైబర్ కుళ్లదు. కానీ ఇలాంటి పాత బోట్లలో చాలావాటికి బలం కోసం లోపల ప్లైవుడ్, కర్రలు పెట్టి పైన ఫైబర్ పొర వేస్తారు. స్క్రూ రంధ్రాల నుంచి, మోటారు బోల్టుల పక్క నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి. తిరిగి బయటికి రావడానికి దారి ఉండదు. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క చివికిపోతుంది. కాలు దిగిందంటే అక్కడి పలక ఒక్కటే పోయిందనుకోవద్దు. దాని కింద నిలువుగా పోయే కర్రలు, వెనక మోటారు తగిలించే పలక కూడా చూడాలి.

చూడటానికి పెద్ద ఖర్చు లేదు. స్క్రూడ్రైవర్ పిడితో జానెడు జానెడుకు కొట్టుకుంటూ పోండి. గట్టి చోట టక్కున మోగుతుంది, చివికిన చోట మొద్దుగా పలుకుతుంది. మోటారు కింది భాగం పట్టుకొని పైకీ కిందికీ ఊపండి. వెనక పలక దానితోపాటు కదిలితే లోపల చెక్క పోయినట్టే. ఇంకా అనుమానముంటే, అమ్మేవారిని అడిగి లోపలి వైపు నుంచి సన్న రంధ్రం వేయించండి. బయటి గోడ దాకా పోకుండా డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టాలి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే మంచిదే. నల్లగా, తడిగా వస్తే సంగతి తెలిసిపోయింది. తర్వాత ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురుతో, మూసేయాలి. దీనికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బోటు వదిలేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మా మేనమామ ఇలాంటి బోటే కొన్నప్పుడు అప్పు లెక్క వేసిచ్చింది నేనే. చెక్క గురించి ఒక్క మాట అడగలేదు. అడుగు పలక మార్పించాడు, మరుసటి ఏడు నడి ఏట్లో మోటారు పలకతో సహా ఊగిపోయింది. ప్రాణాలతో ఒడ్డుకు వచ్చాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక డబ్బు. గోదావరికి వరద వచ్చే మూడు నెలలు వేట ఉండదు. ఇంటి ఖర్చు నెలకు 15,000 అనుకుంటే 45,000 ముట్టుకోకూడదు. మీ చేతిలో నిజంగా ఉన్నది 65,000 మాత్రమే.

గట్టి బోటుకు 1,30,000 సరైన ధరే అనుకుందాం. అయితే కొనుగోలు, రిపేరు కలిపి అంతలోనే ముగియాలి. 25,000 పనే అని తేలితే 1,05,000 దాటకండి. వెనక పలక కూడా పోయి పని 60,000 దాకా అయితే 70,000కు అడగండి. రెండు విధాలా మీకు తక్కువయ్యేది 65,000. నూటికి రూపాయి మిత్తికి బంగారం మీద తెస్తే నెలకు 650. నెలకు 20 రోజుల చొప్పున తొమ్మిది నెలల కిరాయి మిగిలితే ఏడాదికి 36,000, రెండేళ్లు దాటిన కొద్ది నెలల్లో అప్పు తీరుతుంది. అడిగిన ధరకే కొని 60,000 రిపేరు చేయిస్తే అప్పు 1,25,000 అవుతుంది, తీరడానికి నాలుగేళ్లు దాటుతుంది. అన్నాళ్లు మీ ఇంటావిడ బంగారం కుదువలో ఉండటం నాకు ఇష్టం లేదు. రెండు రూపాయల మిత్తికైతే అసలు వద్దు.

బయానాకు ముందే జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు ఒకసారి వెళ్లండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో యూనిట్ ఖర్చుపై సాధారణంగా 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. కొత్త పడవకు ఈ ఏడాది మీ జిల్లాలో అవకాశం ఉందేమో మీ ఇంటావిడ పేరు మీద అడగండి.

కొంటే మాత్రం ఎండాకాలంలోనే పని పెట్టుకోండి. పై పొర కోయకపోతే ఎంత ఎండైనా లోపలి చెక్క ఆరదు. రంధ్రాలు చేసి రెసిన్ (ఫైబర్‌ను అతికించే ద్రవం) పోస్తే చాలు అనే మేస్త్రిని నమ్మకండి, తడి చెక్క దాన్ని పీల్చుకోదు. చివికినదంతా తీసేయాలి, మిగిలింది బాగా ఆరాలి, ఆ తర్వాతే కొత్త పలక. వరంగల్‌లో మెరైన్ ప్లైవుడ్ (నీటికి తట్టుకునే ప్లైవుడ్) కొనేటప్పుడు దాని ప్రమాణాన్ని తెలిపే ఐఎస్ 710 ముద్ర చూడండి. కూలి ఒకేసారి ఇవ్వకండి. పాత చెక్క విప్పి మీకు చూపించాక ఒక భాగం, కొత్త పలక అతికి ఫైబర్ పొర వేశాక ఒక భాగం, నీళ్లలో దింపి మోటారు నడిపి చూశాక మిగతాది.