జీతం లేని పనికి గంటల లెక్క

ప్రశ్న: అమెరికాలో మా అక్క టీఏఎన్‌ఎఫ్ (పిల్లలున్న పేద కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక నగదు) సాయం తీసుకుంటోంది. నాలుగేళ్ల పాపతో ఒంటరిగా ఉంటోంది. జీతం లేకుండా ఒక గోదాములో వారానికి 30 గంటలు ‘పని అనుభవం’ కింద చేయమన్నారు. కాదంటే సాయం ఆగిపోతుందా?

జవాబు: ముందు గంటలు లెక్కించండి. ఆరేళ్లలోపు బిడ్డ ఉన్న ఒంటరి తల్లికి ఫెడరల్ నిబంధన వారానికి సగటున 20 గంటలే. పైగా అది నిజమైన పనైతే కనీస వేతన చట్టం వర్తిస్తుంది. నెలనెలా వచ్చే నగదు సాయాన్ని కనీస వేతనంతో భాగిస్తే వచ్చినన్ని గంటలే చేయించాలి. ఉదాహరణకు సాయం 435 డాలర్లు, వేతనం గంటకు 7.25 అయితే నెలకు 60 గంటలు, అంతే. కొన్ని రాష్ట్రాల్లో ఆహార సాయాన్నీ కలుపుతారు, అప్పుడు గంటలు పెరుగుతాయి. రాష్ట్ర కనీస వేతనం ఎక్కువుంటే దాంతోనే భాగించాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

పాపను చూసుకునే ఏర్పాటు దొరకలేదని రుజువు చూపితే, పని చేయనందుకు సాయం కోయకూడదు. అడిగిన డేకేర్లు, తేదీలు, వాళ్ల జవాబులు రాసి ఉంచమనండి. నోటిమాట నిలవదు. కోత నోటీసు వస్తే అందులోని గడువులోపే ‘ఫెయిర్ హియరింగ్’ (కోతపై అభ్యంతరం చెప్పుకునే విచారణ) రాతపూర్వకంగా కోరాలి.