65 వాట్ల ఛార్జర్‌కు పెడితే ఫోన్ కాలిపోతుందా?

ప్రశ్న: మా ఇంట్లో టైప్-సి ల్యాప్‌టాప్ ఒకటి, 25 వాట్ల వేగంతో ఛార్జ్ అయ్యే ఫోన్ ఒకటి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల ఛార్జర్ పాడైంది. దాని బదులు రెండు పోర్టుల 65 వాట్ల ఛార్జర్ కొంటే రెండింటికీ సరిపోతుందనుకున్నాను. అంత పెద్ద ఛార్జర్‌కు పెడితే ఫోన్ కాలిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. పాతదాని మీద 100-240 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని కూడా ఉంది. నేను ఏ అంకె చూసి కొనాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఫోన్‌కు భయం లేదు. 65 వాట్లు అనేది ఆ ఛార్జర్ గరిష్ఠంగా ఇవ్వగలిగిన శక్తి; బావిలో ఎన్ని నీళ్లున్నా చేద పట్టినంతే పైకి వచ్చినట్లు, ఫోన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. యూఎస్‌బీ పవర్ డెలివరీ ఉన్న ఛార్జర్ 5 వోల్టులతో మొదలై, తాను ఇవ్వగల వోల్టేజీలు ఏవో ఫోన్‌కు తెలియజేస్తుంది. వాటిలో ఒకదాన్ని ఫోన్ కోరిన తరువాతే వోల్టేజీ పెరుగుతుంది.

మీరు చెప్పిన 100-240 వోల్టులు, 1.5 ఆంపియర్లు ‘ఇన్‌పుట్’ వివరాలు, అంటే గోడ సాకెట్ నుంచి ఛార్జర్ తీసుకునే కరెంటుకు సంబంధించినవి. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు కనుక ఆ వరుసతో మీకు పని లేదు. దాని కింద సన్నని అక్షరాల్లో ఉండే ‘ఔట్‌పుట్’ వరుస చదవండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి: 9 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 27 వాట్లు, 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. మీ ల్యాప్‌టాప్‌కు కావలసింది ఈ రెండోది. ఫోన్ విషయంలో పీపీఎస్ (ఫోన్ అడిగినట్లు వోల్టేజీని చిన్న చిన్న మెట్లలో మార్చే పద్ధతి) అనే మాట కూడా ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లు అది లేకపోతే ఛార్జ్ అవుతాయి గానీ, పూర్తి వేగం అందుకోవు.

అసలు చిక్కు మీరు అడగని చోట ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే 65 వాట్లు సాధారణంగా అన్ని పోర్టులకూ కలిపిన మొత్తం. రెండూ ఒకేసారి పెడితే చాలా ఛార్జర్లు ఒక పోర్టుకు 45, రెండో దానికి 20 వాట్లుగా పంచుతాయి. అప్పుడు ల్యాప్‌టాప్ మీద పని చేస్తున్నంతసేపూ ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది, బరువైన పనైతే బ్యాటరీ తరిగిపోవచ్చు కూడా. మీ అవసరానికి మొత్తం 100 వాట్లు ఉండి, రెండు పోర్టులూ వాడుతున్నప్పుడు ఒకదానికి 65 వాట్లు తగ్గకుండా ఇచ్చేది తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ పంపకం వివరం డబ్బా వెనుక ఉంటుంది. లేకపోతే ఆ ఛార్జర్ కొనవద్దు.

కేబుల్‌ను కూడా తేలిగ్గా తీసుకోకండి. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు దాటదు. కాబట్టి 5 ఆంపియర్ల కేబుల్ అడిగి తీసుకోండి. అందులోని చిన్న చిప్‌ను గుర్తించిన తరువాతే ఛార్జర్ 3 ఆంపియర్లకు మించి కరెంటు పంపుతుంది.

డబ్బు చెల్లించే ముందు ఛార్జర్ మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) సంఖ్య, ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరును దుకాణంలోనే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది ఎవరి పేరిట ఉందో సరిచూసుకోవచ్చు.