అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వ నిర్మూలన ప్రధాన లక్ష్యంగా ఎలా మారింది?

1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పుడు దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలపై పోరాడిన ఉత్తరాది ప్రభుత్వం చెప్పిన లక్ష్యం దేశ సమైక్యతను కాపాడుకోవడమే కాగా, 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ జారీచేసిన విముక్తి ప్రకటనతో బానిసత్వ నిర్మూలన కూడా దాని సరసన చేరింది.

బానిసత్వం ఉన్నా దేశాన్ని వీడని కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్ రాష్ట్రాలు చేజారతాయన్న భయంతో లింకన్ మొదట వెనుకాడాడు. అయితే దక్షిణాదికి పంటలు పండించేదీ, దాని సైన్యానికి కందకాలు తవ్వేదీ బానిసలే కనుక, వారిని విడిపించకుండా శత్రువును లొంగదీయడం కష్టమని యుద్ధం సాగేకొద్దీ తేటతెల్లమైంది.

నిజానికి తొలి అడుగు వేసింది పారిపోయి వచ్చిన బానిసలే. 1861 మే నెలలో, దక్షిణాది సైన్యం కోసం ఫిరంగి స్థావరం కడుతున్న ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవెక్కి వర్జీనియాలో ఉత్తరాది సైన్యం అధీనంలో ఉన్న మన్రో కోటకు చేరుకున్నారు. పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వారిని అప్పగించమని యజమాని తరఫున ఒక అధికారి వచ్చి అడగగా, అక్కడి ఉత్తరాది సేనాని, వృత్తిరీత్యా న్యాయవాది అయిన జనరల్ బట్లర్, వేరే దేశమని చెప్పుకుంటున్న మీకు మా చట్టం వర్తించదని తోసిపుచ్చి, వారిని స్వాధీనం చేసుకున్న శత్రువు ఆస్తిగా పరిగణించి తన దగ్గరే ఉంచుకున్నాడు. మనుషులను ఆస్తి అన్న వాదనే ఇక్కడ యజమానికి ఎదురుతిరగడం విశేషం. ఆ కబురు పాకి వందలాది మంది అదే కోట దారి పట్టారు. ఆగస్టులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించింది.

విముక్తి ప్రకటనతో బానిసలందరికీ ఒక్కసారిగా స్వేచ్ఛ వచ్చిందన్నది చాలామందిలో ఉన్న అపోహ. అది తిరుగుబాటు అదుపులోని ప్రాంతాలకే పరిమితం, పై నాలుగు రాష్ట్రాలకు వర్తించలేదు. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, రాజ్యాంగ 13వ సవరణతో.