కుక్కర్‌లో నానో పొడి వండకండి

సందేహం: హైడ్రోథర్మల్ పద్ధతిలో (మూసిన పాత్రలో నీటి ద్రావణాన్ని మరుగు దాటి వేడిచేసి) ఫెర్రిక్ ఆక్సైడ్ నానో పొడి చేసి కాయిన్ సెల్‌లో, అంటే బొత్తాం ఆకారపు పరీక్ష బ్యాటరీలో, పెట్టాం. మొదటి డిశ్చార్జిలో గ్రాముకు 1,300 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్, ఛార్జి కొలత) వచ్చింది, 30 సైకిళ్లకు 250కి పడిపోయింది. ల్యాబ్‌లో ఆటోక్లేవ్ (ఒత్తిడికి ఆగే స్టీలు పాత్ర) ఖాళీ దొరకట్లేదు. మళ్లీ చేయాలంటే ప్రెషర్ కుక్కర్ వాడొచ్చా?
– ఎంటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు కుక్కర్ సంగతి. ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. వద్దు. కుక్కర్ పనిచేసేది 120 డిగ్రీల దగ్గర. మీ పొడికి 180 కావాలి, ఆ వేడిలో నీటి ఆవిరి ఒత్తిడే 10 బార్లు. యూరియా కూడా వేశారంటే అమోనియా, కార్బన్ డయాక్సైడ్ దానికి తోడవుతాయి. విజిల్ బిగించి అక్కడిదాకా తీసుకెళ్తే గోడలు కూడా మిగలవు.

అసలైన ఆటోక్లేవ్‌లోనూ 100 మి.లీ. టెఫ్లాన్ కప్పులో 70 మించి పోయొద్దు. 180 డిగ్రీలకు నీరు 12 శాతం ఉబ్బుతుంది. అంచుదాకా నింపితే ఉబ్బడానికి చోటుండదు. 12 గంటలు వేడిలో ఉంచాక దానంతటదే చల్లారాలి. తొందరపడి కుళాయి కింద పెట్టేవాళ్లున్నారు: స్టీలు చల్లబడుతుంది, లోపలి టెఫ్లాన్ మాత్రం కాలుతూనే ఉంటుంది. చేతికి చల్లగా తగిలిందని మూత తిప్పితే మరిగే ద్రావణం మొహానికి కొడుతుంది.

ఇక ఆ 1,300. ఫెర్రిక్ ఆక్సైడ్ లెక్క ప్రకారం ఇవ్వగలిగిందే 1,007. మిగతాది చాలావరకు ఎలక్ట్రోలైట్ (సెల్‌లోని లిథియం ఉప్పు ద్రావణం) విరిగి రేణువుల మీద పొరకట్టడానికి తినేసిన ఛార్జి. రేణువు చిన్నదైనకొద్దీ పైతలం పెరుగుతుంది, పొరా పెరుగుతుంది. పవర్‌బ్యాంకు డబ్బా మీద ‘నానో’ అని అచ్చేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మీ సెల్‌లో ఎదురుగా లిథియం రేకు దండిగా ఉంది కాబట్టి నష్టం తెలియలేదు. అసలు బ్యాటరీలో అదంతా క్యాథోడ్ లిథియంలోంచే పోతుంది, తిరిగిరాదు.

250కి పడిపోవడానికి కారణం వేరు. లిథియం ఎక్కినప్పుడు రేణువు దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది, దిగినప్పుడు ముడుచుకుంటుంది. రేణువులను రేకుకు అంటించే పీవీడీఎఫ్ బైండర్ (ఒక ప్లాస్టిక్ జిగురు) ఆ సాగుడికి ఆగదు. గ్లవ్‌బాక్స్‌లో (గాలి, తడి చొరని పెట్టెలో) సెల్ విప్పి చూడండి: పూత పొలుసులై సెపరేటర్‌కు (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పొరకు) అంటుకుని ఉంటే ఇదే రోగం. దాని బదులు సీఎంసీని (సెల్యులోజ్ జిగురు) నీళ్లలో కలిపి వాడండి, ఎలక్ట్రోలైట్‌లో 5–10 శాతం ఎఫ్‌ఈసీ (ఆ పొరను గట్టిపరిచే ద్రవం) వేయండి. పూతను 100 డిగ్రీల వాక్యూమ్‌లో రాత్రంతా ఆరనివ్వాలి. తడి మిగిలితే లిథియం ఉప్పు విరిగి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది.

గ్లూకోజుతో కార్బన్ పూత వేసి ఆర్గాన్‌లో కాల్చాక పొడి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే, కార్బన్ ఆక్సిజన్‌ను లాగేసి మాగ్నెటైట్ (అయస్కాంతానికి అతుక్కునే మరో ఇనుప ఆక్సైడ్) మిగిల్చినట్టే. అప్పుడు లెక్క 1,007తో కాకుండా 926తో వేయండి.